ఆ 12 రంగుల సబ్బు కిట్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

కోపం ఇంకా దిగలేదు. అచ్చుతప్పులుంటే సర్దుకుని చదవండి.

ఇంద్రధనుస్సు సబ్బు ఫొటోతో ఒక కిట్ అందరికీ కనిపిస్తోంది కదా, అదే. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. సబ్బుల మీద రెండు వీడియోలు చూసిన ఎవరినైనా ఆ ప్రకటన వదలకుండా వెంటపడుతుంది. 12 చిన్న డబ్బాల్లో మైకా అనే మెరిసే రంగు పొడులు, పొడవాటి లోహపు అచ్చు ఒకటి, ఒక చెక్క గరిటె. నాకు వంగపండు రంగంటే పిచ్చి. కొనేశాను.

గుడ్డిగా మాత్రం కొనలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. ముందే చాట్‌లో అడిగాను: "నేను కోల్డ్ ప్రాసెస్‌లో చేస్తాను, కాస్టిక్ సోడా వాడతాను. ఈ రంగులు దానికి తట్టుకుంటాయా? అచ్చు స్టీలేనా?" అని. (కోల్డ్ ప్రాసెస్ అంటే నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి, ఉడికించకుండా సబ్బు చేయడం.) జవాబు నిమిషంలో వచ్చింది. "అవును మేడమ్, అన్ని రకాల సబ్బులకూ పనికొస్తాయి. స్టీలే." పక్కన రెండు దండాలు, ఒక పువ్వు. ఆ పువ్వు చూసి నమ్మేశాను. తెలివంటే నాదే.

మొన్న ఆదివారం మొదటిసారి చేశాను. కిలో నూనెలు, కొబ్బరి, ఆలివ్, కొంచెం ఆముదం. అన్నీ తూకం వేసి, చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేశాను, నీళ్లను సోడాలో పోయలేదు. చదివినవన్నీ పాటించాను. ట్రేస్, అంటే నూనెలూ సోడా నీళ్లూ కలిసి చిక్కబడటం, చక్కగా వచ్చింది, గరిటెతో గీస్తే గీత నిలిచింది. సగం విడిగా తీసి వంగపండు రంగు కలిపాను. అబ్బ, ఎంత బాగుందో! ఫొటో కూడా తీశాను. ఫోన్ పక్కన పెట్టి తిరిగి చూసేసరికి బూడిద రంగు. ఇంకో రెండు నిమిషాలకు బురద. గులాబీ రంగు కలిపితే అసలు కలిపానా లేదా అన్నట్టు పాలిపోయింది. నీలం, నలుపు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎందుకిలా అయిందో ఆ రాత్రంతా కూర్చుని చదివాను (ఈ పని ముందు చేసి ఉంటే!). మైకా అంటే అభ్రకం. దాని తప్పు ఏమీ లేదు. దాని మీద పూసిన రంగులోనే కిటుకంతా. పచ్చి సబ్బు మిశ్రమం పీహెచ్ 12 దాటి ఉంటుంది, అంత క్షారంలో కొన్ని డైలు నిలవవు. వంగపండు రంగుకు వాడే మాంగనీస్ వైలెట్ కూడా నిలవదు. అల్ట్రామెరీన్ వైలెట్ అయితే నిలుస్తుంది. నా డబ్బా మీద ఏముందంటే, "పర్పుల్" అని మాత్రం ఉంది.

రంగు పోతే పోయిందిలే, సబ్బన్నా మిగులుతుందని అచ్చులో పోశాను. కాసేపటికి అంచుల వెంట బుడగలు, సన్నగా సుయ్యిమని చప్పుడు. ముట్టుకుంటే కాలుతోంది. స్టీలట! అల్యూమినియం అది. కాస్టిక్ సోడా తగిలితే అల్యూమినియం కరుగుతూ హైడ్రోజన్ వదులుతుంది, అంటే మంటకు అంటుకునే వాయువు. దగ్గర్లో పొయ్యి వెలగలేదు, కిటికీలు తెరిచే ఉన్నాయి, నా అదృష్టం. గ్లవ్స్‌తోనే ఎత్తుకెళ్లి బయట పెట్టాను. ఆ అచ్చు పట్టుకుంటే అట్టముక్కలా తేలిగ్గా ఉన్నప్పుడైనా నా బుర్ర వెలగాల్సింది.

ఇంతవరకూ అయినా ఈ పోస్ట్ రాసేదాన్ని కాదు. మొదటి ప్రయత్నం, పోనీలే అనుకునేదాన్ని. తర్వాత జరిగింది వినండి.

బురద సబ్బు, నల్లబడిన అచ్చు, రెండు ఫొటోలూ పంపాను. మర్యాదగానే రాశాను, డబ్బులు వెనక్కివ్వమని కూడా అడగలేదు, ఇలా ఎందుకయిందని అడిగానంతే. సాయంత్రానికి జవాబు: "ఇవి మెల్ట్ అండ్ పోర్ రంగులు. వీటిలో కాస్టిక్ సోడా ఎవరు పోయమన్నారు మీకు?" మెల్ట్ అండ్ పోర్ అంటే ముందే తయారైన సబ్బును కరిగించి అచ్చులో పోయడం, అందులో కాస్టిక్ సోడా కలిపే పనే ఉండదు.

మీరే కదా అన్నారు, పైకెళ్లి చూడండి అన్నాను. టైప్ చేస్తున్నట్టు చుక్కలు వచ్చాయి, ఆగాయి, మళ్లీ వచ్చాయి. సరే, నేనే చూపిద్దామని పైకి జరిపాను. నా ప్రశ్న ఉంది. దాని కింద ఆ "అవును మేడమ్" ఉంది, దండాలున్నాయి, పువ్వుంది. నేను చూస్తుండగానే మాయమైంది. నా కళ్ల ముందే! ఇక నా ప్రశ్న ఒక్కటే మిగిలింది, గోడతో మాట్లాడుకున్నట్టు. స్క్రీన్‌షాట్ తీశానా? ఎక్కడ! సబ్బు అందంగా ఉందని ఫొటో తీసుకున్న మహాతల్లిని, దీనికి మాత్రం తీయలేదు.

ఆ వెంటనే ఇంకో మెసేజ్: "ముందు సబ్బు చేయడం నేర్చుకోండి మేడమ్, తర్వాత రంగులు కొందురుగాని. ఇంతమంది కొన్నారు, ఎవ్వరూ ఏమీ అనలేదు." ఆ తర్వాత బ్లాక్. ఎవ్వరూ ఏమీ అనలేదట. అన్నవాళ్లను ఇలా మాయం చేస్తే ఎవరు మిగులుతారు?

రంగు పోయినందుకు కాదు నా బాధ. రాదు కాబట్టే కదా అడిగింది! నేర్చుకునేవాళ్లు అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పి, అదే నోటితో "నేర్చుకోండి" అనడం ఉంది చూడండి, అది మింగుడుపడటం లేదు.

కొనేవాళ్లకు నాకిప్పుడు తెలిసిన నాలుగు ముక్కలు. డబ్బా మీద అసలు పదార్థాల పేర్లు, సీఐ నంబర్లు (కలర్ ఇండెక్స్, అంటే ఒక్కో రంగు పదార్థానికి ఇచ్చే గుర్తింపు నంబరు) ఉండాలి. ఐరన్ ఆక్సైడ్లు (సీఐ 77491, 77492, 77499), అల్ట్రామెరీన్లు (77007), తెలుపుకు టైటానియం డయాక్సైడ్ (77891) క్షారానికి తట్టుకుంటాయి. ఏమీ రాయని డబ్బా ఎంత మెరిసినా వద్దు. కొత్త రంగును కొంచెం మిశ్రమంలో కలిపి ఒక రోజు చూశాకే మిగతాదాంట్లో వేయండి. కొవ్వొత్తుల రంగులు ఒంటి సబ్బులకు వాడొద్దు. అచ్చుకు సిలికాన్, లేదంటే లోపల బేకింగ్ పేపర్ పరిచిన చెక్కపెట్టె. అల్యూమినియం జోలికే పోవద్దు. ఆ, ఇంకోటి, స్క్రీన్‌షాట్.

ఇది రాస్తుంటే ఆ ప్రకటన మళ్లీ వచ్చింది. ఈసారి పెద్దది చేసి చూశాను. ఆ వంగపండు రంగు సబ్బులోంచి వెనకున్న కిటికీ వెలుతురు కనిపిస్తోంది, గాజుముక్కలా. కోల్డ్ ప్రాసెస్ సబ్బు అలా ఉండదు, అది మెల్ట్ అండ్ పోర్ గ్లిజరిన్ సబ్బు. మొదటి రోజు నుంచీ ఫొటోలోనే ఉంది. నేనే చూడలేదు.