మెక్సికో సిటీ వాకింగ్ టూర్: పొద్దుటి సగం అదుర్స్, తిండి సగం దండగ

డాలస్ నుంచి లాంగ్ వీకెండ్‌కి మెక్సికో సిటీ వెళ్ళొచ్చాం. నేను, మా ఆవిడ, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ. (చాలామంది అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తా: గడువు తీరని అమెరికా వీసా స్టాంపు ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు.) పాత ఊరు తిప్పి, మధ్యలో తినిపించే ఐదు గంటల వాకింగ్ టూర్ బుక్ చేశాం, మనిషికి 60 డాలర్లు. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి అక్కడ బోలెడున్నాయి, దాదాపు అన్నీ ఇదే దారిలో తిప్పుతాయి.

పొద్దున తొమ్మిదికి సోకలో అనే పెద్ద చౌక్‌లో మొదలు. గైడు అమ్మాయి చరిత్ర పాఠం ఏమీ మొదలుపెట్టకుండా నేరుగా కథీడ్రల్ (పెద్ద చర్చి) లోపలికి తీసుకెళ్ళి, పైకప్పు నుంచి వేలాడుతున్న గుండు ఒకటి చూపించింది. గోడ నిటారుగా వస్తోందో లేదో చూడటానికి మన తాపీ మేస్త్రీలు తాడు కట్టి వదులుతారే, అదే, కాకపోతే చాలా పెద్దది. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఎటు జరిగిందో కింద నేల మీద గుర్తులున్నాయి. నిజానికి జరిగింది గుండు కాదు, గుడే. 1573లో మొదలుపెట్టి 1813 దాకా కట్టిన అంత పెద్ద రాతి కట్టడం ఒక పక్కకి ఒరిగిందని కంటితో చూసి నమ్మడం కష్టం గానీ, ఆ గీత చూశాక కాళ్ళ కింద నేల మీద నమ్మకం పోయింది.

కారణం ఏమిటంటే, ఆ ఊరు చెరువులో ఉంది. 1325లో అజ్టెక్కులు (స్పెయిన్ వాళ్ళు రాకముందు అక్కడ ఏలినవాళ్ళు) టెస్కోకో సరస్సు మధ్య దీవి మీద కట్టుకున్న రాజధాని అది. 1521లో స్పెయిన్ వాళ్ళు గెలిచి, పాత గుళ్ళు కూలగొట్టి, ఆ రాళ్ళతోనే కొత్తవి లేపి, తర్వాత సరస్సుని కూడా ఎండగట్టారు. మిగిలింది మెత్తటి బంకమట్టి. దాని కింది నీళ్ళని తాగడానికి తోడుతుంటే మట్టి అణిగిపోతోంది, కొన్ని పేటల్లో ఏడాదికి అర మీటరు దాకా. ఇది విన్నాక ఊళ్ళో ఏ కిటికీ చూసినా, ఏ మెట్టు చూసినా వంకరగానే కనిపిస్తుంది. సాయంత్రం మేమే క్యాబ్ కట్టించుకుని రెఫార్మా రోడ్డులో 1910 నాటి స్వాతంత్ర్య స్తంభం దగ్గరికి వెళ్ళాం. స్తంభం కదల్లేదు, చుట్టూ నేల దిగిపోయింది, అందుకని కింద 14 మెట్లు తర్వాత కట్టారట. మా అమ్మ రెండుసార్లు ఆగి ఎక్కింది, ఊరు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది మరి, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మొదటి రోజు మెల్లగా తిరగండి.

కథీడ్రల్ పక్కనే టెంప్లో మయోర్, అంటే అజ్టెక్కుల పెద్ద గుడి. 1978లో కరెంటు వాళ్ళు గొయ్యి తవ్వుతుంటే ఒళ్ళు ముక్కలైన దేవత బొమ్మ చెక్కి ఉన్న మూడు మీటర్ల పైచిలుకు గుండ్రాయి బయటపడి, దాని వెనకే గుడి మొత్తం బయటికొచ్చింది. ఇక్కడ గైడు అరగంట చెప్పింది, ఇంకో అరగంట చెప్పినా వినేవాళ్ళం. ఇంతవరకూ ఐదు స్టార్లు.

పన్నెండున్నరకి గైడు మారాడు, కథ మారింది. పదిమందికి మించరు అన్నారు, మేం పంతొమ్మిది మంది. బుకింగ్‌లో వెజిటేరియన్ అని టిక్ పెట్టాం. మొదటి చోట ఇచ్చిన బీన్స్ పంది కొవ్వులో వేయించినవి, అది కూడా అమ్మ నోట్లో పెట్టుకోబోతుంటే నేనే అడిగితే చెప్పాడు. రెండో చోట సూప్ కోడి రసంతో చేసింది. అదేమిటయ్యా అంటే "ముక్కలు లేవు కదా" అన్నాడు! తర్వాత వెండి నగల కొట్లో పాతిక నిమిషాలు కూర్చోబెట్టారు, కమిషన్ కోసమని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. రిఫండ్ కోసం మెయిల్ పెట్టాను, వచ్చే టూర్‌కి పది శాతం తగ్గిస్తామని జవాబు.

మర్నాడు సొంతంగా మార్కెట్‌కి వెళితే అంతకంటే బాగా తిన్నాం. నీలం మొక్కజొన్న పిండిలో బీన్స్ ముద్ద పెట్టి పెనం మీద కాల్చి, పైన నాగజెముడు ముక్కలు చల్లి ఇచ్చేదాన్ని త్లకోయో అంటారు, కొవ్వు వెయ్యొద్దని ముందే చెప్పి చేయించుకున్నాం. మొక్కజొన్నల్ని సున్నం నీళ్ళలో ఉడికించి నానబెట్టి రుబ్బుతారు, ఆ వాసన వేరు. ఒక హెచ్చరిక: ఈ ఊళ్ళో కెసడియా (లోపల కూరి మడిచిన రొట్టె) అడిగితే చీజ్ ఉంటుందని గ్యారంటీ లేదు, "కోన్ కేసో" (చీజ్‌తో) అని విడిగా చెప్పాలి, మిగతా మెక్సికో వాళ్ళే దీని మీద జోకులు వేస్తారు. మా ఆవిడ మాంసం తింటుంది కాబట్టి రోడ్డు పక్క నిలబడి ఆల్ పస్తోర్ టాకోలు ఐదు లాగించింది. లెబనాన్ నుంచి వలస వచ్చినవాళ్ళ షవర్మా ఇక్కడికొచ్చి పంది మాంసం, అనాస ముక్కలతో అలా తయారైంది.

హమాయికా అని ఎర్రటి షర్బత్ గాజు జాడీల్లో పోసి అమ్ముతారు. అమ్మ ఒక గుక్క తాగి, "ఒరే, ఇది గోంగూర పులుపురా" అంది. నిజమే, ఎర్ర గోంగూర మొక్క పూల కింద ఉండే ఎర్రటి తొడుగుల్ని ఎండబెట్టి మరగబెట్టిందే అది. ఆకు సంగతి అక్కడ ఎవరికీ పట్టదు, అమ్మకి అదొక్కటే బాధ.

అందుకని నా సలహా, చరిత్ర వరకే ఉండే టూర్ తీసుకోండి, తిండికి మార్కెట్‌కి మీరే వెళ్ళండి. ఇంకో మాట, నల్లటి అగ్నిపర్వతపు రాతితో చేసిన మూడు కాళ్ళ రోలు ఉంటుంది, మొల్కహేతె అంటారు. అమ్మ పట్టుబట్టి కొనిపించింది, సూట్‌కేస్ బరువు దాటి ఎయిర్‌పోర్టులో నా బట్టలు చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. కొత్త రోట్లో ముందు బియ్యం నూరి పారబోయాలని అమ్మిన ఆవిడ సైగలతో చెప్తుంటే, "నాకు తెలుసులేమ్మా" అని అమ్మ తెలుగులో జవాబిచ్చింది. ఇవాళ్టికి మూడో రోజు నూరుతోంది, ఇంకా ఇసక వస్తూనే ఉంది.