టాన్‌కి కూడా గరిష్ఠం, కనిష్ఠం చెప్పే మెటీరియల్: కొనేముందు జాగ్రత్త

ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్‌కీ ఈఏపీసెట్‌కీ (పాత ఎంసెట్) రెండింటికీ సరిపోతుందంటూ వాట్సాప్ గ్రూపుల్లో ఒక షార్ట్‌కట్ పీడీఎఫ్ తిరుగుతోంది. మా చెల్లి కోసం 499 రూపాయలు కట్టి తీసుకున్నాను. త్రికోణమితిలో సైన్, కాస్ వరకు వంక పెట్టడానికి లేదు. టాన్ దగ్గరికొచ్చేసరికి సైన్ జవాబులనే పేరు మార్చి దించేశారు.

ఒక్క లెక్క చూడండి: 3 టాన్(2ఎక్స్ − పై/3) + 1. వాళ్ల జవాబు: పీరియడ్ (అవే విలువలు మళ్లీ తిరిగొచ్చే దూరం) పై, డొమైన్ (ఎక్స్ చోట పెట్టదగ్గ విలువలు) వాస్తవ సంఖ్యలన్నీ, రేంజ్ (వచ్చే జవాబుల పరిధి) −2 నుంచి 4 దాకా. మూడూ తప్పే. ఎక్స్ చోట పై/3 పెట్టండి. బ్రాకెట్‌లో పై/3 మిగులుతుంది, దాని టాన్ రూట్ 3, మొత్తం కలిపితే సుమారు 6.2. మరి 4 దాటదన్నారు కదా! టాన్‌ని 3తో హెచ్చవేసినా, 1 కలిపినా రేంజ్ మారదు, వాస్తవ సంఖ్యలన్నీ వస్తాయి. పీరియడ్ పై/2. ఇక డొమైన్‌లోంచి బ్రాకెట్ విలువ పై/2కి బేసి గుణిజం అయ్యే చోట్లన్నీ తీసేయాలి. అంటే 5పై/12, దానికి అటూ ఇటూ పై/2 చొప్పున జరుపుతూ పోతే వచ్చేవన్నీ.

టాన్(2 − 3ఎక్స్) పీరియడ్ అయితే "మైనస్ 2పై/3" అట. పీరియడ్ మైనస్‌లో ఉండటం ఎక్కడైనా చూశారా? పై/3 రావాలి.

ఎప్పుడూ ప్రాక్టీస్ చేయించే టాన్(ఎక్స్ + 4ఎక్స్ + 9ఎక్స్ + ... + ఎన్ స్క్వేర్ ఎక్స్) పీరియడ్ లెక్కనీ వదల్లేదు. జవాబు భిన్నంలో పైన 6పై ఉండాల్సిన చోట 12పై వేశారు, కింద మాత్రం ఎన్(ఎన్+1)(2ఎన్+1) సరిగ్గానే ఉంది. ఎన్ = 1 పెడితే మిగిలేది ఉత్త టాన్ ఎక్స్, పీరియడ్ పై రావాలి. వీళ్ల ఫార్ములాలో 2పై వస్తుంది.

ఇదంతా రాసి పంపితే "డిజిటల్ ప్రొడక్ట్, రిఫండ్ ఉండదు" అని ఒక్క ముక్క చెప్పి గ్రూపులోంచి తీసేశారు. ఫ్రీ శాంపిల్‌లో సైన్ పేజీలే పెడుతున్నారు, అందుకని ఎవరి దగ్గర కొన్నా టాన్ పేజీ అడిగి చూశాకే డబ్బు కట్టండి. ఇప్పటికే కట్టినవాళ్లు యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తప్పులున్న పేజీల ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, అడిగితే పంపిస్తాను.