ఓటూనా, ఆక్టేనా?

త్రీడీ బొమ్మల పనికి పేరుపడ్డ అమెరికా కంపెనీ సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ళ పాత కంప్యూటర్ ఒకటి ఇంట్లో పెట్టుకోవాలని మోజుపడేవాళ్ళు ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే వచ్చి ఆగుతారు. అదే కంపెనీ పెద్ద యంత్రం ఆనిక్స్ మీదికి మనసు లాగుతుంది గానీ, దాన్ని పెట్టడానికి ఒక మూల ఖాళీ చేయాలి, కరెంటు బిల్లుకీ సిద్ధపడాలి. చిన్న యంత్రం ఇండీ ముచ్చటగా ఉంటుంది, పనిలో మరీ నెమ్మది. ఇక మిగిలేవి 1996 అక్టోబరులో వచ్చిన ఓటూ, 1997 జనవరిలో వచ్చిన ఆక్టేన్.

రెండిటిదీ ఒకే కంపెనీ, ఒకే ఐరిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, ఒకే మిప్స్ ప్రాసెసర్ల వంశం. మూత తీసి చూస్తే మాత్రం ఒకే ఇంట్లో పుట్టి చెరో దారి పట్టిన అన్నదమ్ముల్లా ఉంటాయి.

ఓటూది ఉమ్మడి కాపురం. ప్రాసెసర్, బొమ్మ గీసే చిప్, వీడియో, చివరికి తెర మీద కనపడే ఫ్రేమ్ కూడా ఒకే మెమరీలో బతుకుతాయి. గ్రాఫిక్స్‌కని విడిగా మెమరీ లేదు. కెమెరా నుంచి వచ్చిన వీడియో నేరుగా ఆ మెమరీలో పడుతుంది, దాన్నే కాపీ చేయకుండా తిరుగుతున్న ఒక ఘనం మీద టెక్స్చర్‌గా, అంటే త్రీడీ ఆకారం మీద పరిచే బొమ్మగా, అతికించొచ్చు. మెమరీ 1 జీబీ దాకా పెంచుకోవచ్చు కాబట్టి పెద్ద ఉపగ్రహ చిత్రాన్ని టెక్స్చర్‌గా వేసినా చోటు చాలుతుంది.

ఆక్టేన్‌లో ఎవరి గది వాళ్ళది. మధ్యలో క్రాస్‌బార్ అనే స్విచ్ ఉంటుంది. దానికి తగిలించిన ఒక్కో పోర్టుకు రెండు దిక్కులూ కలిపి సెకనుకు 1.6 జీబీ దారి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగక్కర్లేదు. త్రిభుజాల మూలల లెక్కలు చేయడానికి గ్రాఫిక్స్ బోర్డులోనే జామెట్రీ ఇంజన్లు ఉంటాయి: ఎస్‌ఐ బోర్డులో ఒకటి, ఎస్‌ఎస్‌ఐ, ఎంఎక్స్‌ఐ బోర్డుల్లో రెండేసి. ఓటూలో ఆ లెక్కలన్నీ ప్రాసెసరే చేసుకోవాలి. అందుకే లక్షల త్రిభుజాల కారు మోడల్‌ను తిప్పమంటే ఓటూ ఆయాసపడుతుంది, ఆక్టేన్ అలవోకగా తిప్పేస్తుంది.

అయితే ఆక్టేన్‌కి ఒక అవమానం ఉంది. ఖరీదైన ఎంఎక్స్‌ఐ బోర్డులో కూడా టెక్స్చర్ మెమరీ 4 ఎంబీయే. మామూలు ఎస్‌ఐలో, ఎస్‌ఎస్‌ఐలో అదీ లేదు. కాబట్టి పెద్ద ఫొటోను ఒక కొండ మీద పరచాలంటే, చవకైన తమ్ముడు నవ్వుకుంటూ చేసే పనికి అన్నయ్య చెమటలు కక్కేవాడు. ఈ లోటు తీరింది 2000లో వీప్రో బోర్డులు వచ్చాకే. వాటిలో వి12కి 128 ఎంబీ ఉంది.

కాగితం మీద ఓటూ మెమరీ వేగం సెకనుకు 2.1 జీబీ. ఘనంగానే ఉంది. కానీ అందులోంచి తెర తన వాటా తీసుకుంటుంది, వీడియో తనది తీసుకుంటుంది, మిగిలింది ప్రాసెసర్‌కి. ఉమ్మడి వంటింట్లో ఆఖరి పంక్తికి కూర తక్కువైనట్టే.

ప్రాసెసర్ విషయంలో ఒక హెచ్చరిక. ఆక్టేన్‌లో రెండు పెట్టుకోవచ్చు, ఓటూలో ఒక్కటే. పెద్ద పేరు చూసి ఆర్10000 అనే ప్రాసెసర్ ఉన్న ఓటూ వెతక్కండి. దాని ఫ్యాన్ కోసం రెండో డిస్కు చోటు పోతుంది, పైగా ఆ ప్రాసెసర్ స్వభావానికీ ఓటూ మెమరీ పద్ధతికీ పొత్తు కుదరదు. లినక్స్ వేద్దామంటే అక్కడా తలనొప్పే. నన్నడిగితే ఆర్5000 జాతి ప్రాసెసర్ ఉన్న ఓటూ సుఖం.

ఇక సంసారం సంగతి. ఓటూ మామూలు 15 పిన్నుల వీజీఏ తీగతో నడుస్తుంది. ఆక్టేన్‌కి 13డబ్ల్యూ3 అనే వింత కనెక్టరు, పైగా తెర మీద బొమ్మను కుదురుగా నిలిపే సింక్ సంకేతం ఆకుపచ్చ రంగు తీగలో కలిసి వస్తుంది. చాలా కొత్త మానిటర్లకు అది అర్థం కాక తెర నల్లగానే ఉండిపోతుంది. ఆక్టేన్ బోర్డుల వెనక ఉండే, నొక్కి కలిపే సున్నితమైన కంప్రెషన్ కనెక్టర్లను వేలితో తాకారో, ఆ బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది. బరువు సుమారు 25 కిలోలు, అమెరికా నుంచి తెప్పిస్తే యంత్రం కన్నా రవాణాకే ఎక్కువ పెట్టాలేమో. ఓటూకీ బాధలున్నాయి: నీలం ప్లాస్టిక్ తొడుగు వయసు మీద పడి అప్పడంలా విరుగుతుంది, మెమరీ ముక్కలు దానికి మాత్రమే సరిపోయే రకం. రెండింట్లోనూ గడియారం చిప్‌లోనే బ్యాటరీ సీలు చేసి ఉంటుంది, అది చచ్చాక మార్చే ఓపిక ఉండాలి.

పాత మాయా లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్ నడపాలంటే కళ్ళు మూసుకుని ఆక్టేన్. ఆ పని తప్పితే నాకు ఓటూ మీదే పక్షపాతం. 2020లో యాపిల్ ఎం1 వచ్చినప్పుడు ఉమ్మడి మెమరీ గురించి అంత హడావిడి జరిగింది కదా, 24 ఏళ్ళ ముందే ఈ నీలం పెట్టె ఆ కాపురం పెట్టింది. ఆక్టేన్‌కి గర్వకారణమైన జామెట్రీ ఇంజన్ పనిని 1999లో జీఫోర్స్ 256 మామూలు పీసీ కార్డులోకి తెచ్చేసింది.

ఏది కొన్నా డబ్బు పంపే ముందు, యంత్రం ఆన్ చేసి హిన్వ్ (hinv) కమాండ్ కొట్టి తెర ఫొటో పంపమని అమ్మేవాళ్ళను అడగండి. ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్ బోర్డు పేర్లు అందులో వస్తాయి. "ఆన్ చేసి చూడలేదండీ" అంటే పాడైన యంత్రం కిందే లెక్కేసి ధర మాట్లాడండి.