రెండున్నరేళ్లుగా గ్రూప్ కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను: నా అనుభవం

అమ్మ పోయాక ఏడాదిపాటు నాకు సరిగ్గా నిద్ర లేదు. ఒక కౌన్సెలర్ దగ్గరికి ఆరు వారాలు వెళ్లాక, ఆ మేడమే "మీరు గ్రూప్‌లో కూర్చుంటే బాగుంటుంది" అన్నారు. నాకు నచ్చలేదు. ఇంటి గుట్టు పదిమంది ముందు విప్పుకోవడం ఏంటి అనిపించింది. మొహమాటంతోనే వెళ్లాను. అప్పటినుంచి హైదరాబాద్‌లో ఉంటే శనివారం సాయంత్రం మానలేదు.

మేం ఎనిమిది మందిమి, ఒక కౌన్సెలర్. గుండ్రంగా కుర్చీలు వేసుకుని గంటన్నర కూర్చుంటాం. ఫోన్లు తలుపు పక్కన బుట్టలో పెట్టేయాలి. అక్కడ విన్నది గడప దాటకూడదు. ఎవరినీ బలవంతంగా మాట్లాడించరు. నేను మొదటి మూడు వారాలు పేరు తప్ప ఏమీ చెప్పలేదు.

నాలుగో వారం, మందుల షాపు నడిపే ఒకావిడ మాట్లాడారు. "మా నాన్న చేసిన చివరి ఫోన్ నేను కట్ చేశాను. కౌంటర్ దగ్గర రష్‌గా ఉందని." నా చేతులు చల్లబడ్డాయి. నా ఫోన్‌లో అమ్మ మిస్డ్ కాల్ ఇప్పటికీ ఉంది, మధ్యాహ్నం 2:10కి. ఆ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. "నీ తప్పేం లేదులే" అని ఎవరూ అనలేదు. ఆవిడ నావైపు చూసి తలూపారు, అంతే. ఆ రాత్రే నిద్ర పట్టిందని చెప్పను కానీ, గుండె మీద బరువు కొంత దిగింది.

ఒక్కరి దగ్గర చేసే కౌన్సెలింగ్‌లో ఇది దొరకదు. కౌన్సెలర్ ఎంత మంచివారైనా ఆ ఫోన్ కట్ చేసినవారు కాదు కదా. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు, శానటోరియంలో, అంటే క్షయ రోగులను ఉంచి చూసే ఆస్పత్రిలో, చేరే స్తోమత లేని వాళ్లను వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టేవారని మా మేడమ్ చెప్పారు. జాగ్రత్తలు నేర్పడానికి మొదలుపెట్టిన ఆ క్లాసులో రోగులు ఒకరినొకరు చూసుకుని ధైర్యం తెచ్చుకున్నారట. నాకది వెంటనే అర్థమైంది.

నేను అనుకోని లాభం ఇంకోటి ఉంది. ఇంట్లో పెద్దకొడుకుని, అందరికీ సలహాలు చెప్పడం అలవాటు. గ్రూప్‌లోనూ అదే చేశాను. ఎవరి కళ్లు తడిసినా వెంటనే ఒక మార్గం చెప్పేవాణ్ణి. ఒకరోజు రిటైరైన టీచరు ఒకాయన మెల్లగా అన్నారు: "నాయనా, నాకిప్పుడు సలహా వద్దు. కాసేపు విను." ముఖం మాడిపోయింది. ఇంటికెళ్లి మా ఆవిడకి చెబితే, "పద్నాలుగేళ్లుగా నేను చెప్తున్నదీ అదే" అంది. ఇప్పుడు మా అమ్మాయి కాలేజీ టెన్షన్లు చెప్పుకుంటే నోరు మూసుకుని వింటున్నాను. ఇదివరకు నా దగ్గరికి వచ్చేదే కాదు, ఇప్పుడు తనే వచ్చి పక్కన కూర్చుంటోంది.

అన్ని గ్రూపులూ ఇలా ఉండవు. దీనికి ముందు ఇంకోచోటికి వెళ్లాను. ఇరవై మందిపైనే ఉండేవాళ్లు. ఒకాయనే గంట మాట్లాడినా ఆపేవారు లేరు. అక్కడ నేను చెప్పిన మాట గురించి బయట ఒకతను నన్నే అడిగాడు. రెండు వారాలకే మానేశాను. ఆ దెబ్బకి మళ్లీ ఇంకో గ్రూప్ వైపు చూడటానికి నెలలు పట్టింది.

బతకాలనే లేదు అనిపించే స్థితిలో ఉంటే గ్రూప్ కోసం ఆగకండి. డాక్టర్ని కలవండి, లేదా టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

చేరాలనుకునేవాళ్లు ముందే అడగండి: ఎంతమంది ఉంటారు, నడిపేవారు ఏం చదివారు, విన్నది బయటపెడితే ఏం చేస్తారు. సూటిగా జవాబు రాకపోతే ఇంకోచోటు వెతకండి. దొరికితే మాత్రం రెండు నెలలైనా ఆగి చూడండి, మొదటి మూడు వారాలు నాకూ ఏమీ అనిపించలేదు.