ఆసాన్ వెళ్ళేవాళ్ళు సెలవు రోజు చూసుకుని వెళ్ళండి

దక్షిణ కొరియాలోని ఆసాన్ ఊళ్ళో నౌకాసేనాని యి సున్ షిన్ స్మారకం హ్యొన్‌చుంగ్‌సా ఉంది. మేం వెళ్ళిన మంగళవారం దానికి సెలవు. మేం చూసుకోలేదు. సియోల్ నుంచి లైన్ 1 మెట్రోలో రెండు గంటలకు పైగా కూర్చుని, ఓన్యాంగ్ ఓంచొన్ స్టేషన్‌లో దిగి, టాక్సీకి 7,400 వన్‌లు పెట్టి వెళ్తే గేటు మూసి ఉంది. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. నాకు టెన్షన్ పట్టుకున్నది అందుకే.

ఆ రాత్రికి ఊళ్ళోనే ఒక మోటెల్‌లో దిగాం. 70,000 వన్‌లు, అంటే నాలుగు వేల రూపాయల పైనే. తలుపు తీయగానే గుప్పున సిగరెట్ కంపు. బుక్ చేసినప్పుడేమో నాన్ స్మోకింగ్ అని రాసుంది. ఫోన్‌లో కొరియన్‌లోకి మార్చి కౌంటర్ దగ్గర పెద్దాయనకి చూపించాను. ఆయన తన ఫోన్‌లో ఏదో కొట్టి నావైపు తిప్పాడు: "కిటికీ తెరవండి." తెరిస్తే చెయ్యి చాపితే అందే దూరంలో పక్క బిల్డింగ్ గోడ. గది మార్చమంటే కుదరదన్నాడు, డబ్బు తిరిగివ్వమంటే అసలు అర్థం కానట్టు నిలబడ్డాడు. పైగా నేల కింద నుంచి వేడి. ఎలా తగ్గించాలో తెలియక రాత్రంతా పెనం మీద అట్టుల్లా అటూ ఇటూ తిరిగాం. డబ్బులు పోతే పోయాయి, సియోల్‌లోనే పడుకుని పొద్దున్నే బయల్దేరడం మేలు.

బుధవారం లోపలికి వెళ్ళాం. టికెట్ లేదు, ఉచితం. "ఇంతకీ ఎవరాయన?" అంది మా ఆవిడ. జేబులోంచి 100 వన్‌ల నాణెం తీసి ఇచ్చాను, దాని మీద బొమ్మ ఆయనదే. 1597లో మ్యొంగ్‌న్యాంగ్ దగ్గర 13 ఓడలతో నూటికి పైగా జపాన్ యుద్ధనౌకల్ని తిప్పికొట్టాడని చెప్పాను. ఊఁ కొట్టింది. పెళ్ళయ్యాక ఇక్కడే అత్తారింట్లో ఉండి విలువిద్య నేర్చుకున్నాడట అంటే మాత్రం, "ఇల్లరికమా!" అని మొదటిసారి నవ్వింది.

మ్యూజియంలో దాదాపు రెండు మీటర్ల కత్తులు రెండున్నాయి. అందరూ వాటి ముందే ఫొటోలు దిగుతున్నారు. నేను చాలాసేపు నిలబడింది ఆయన యుద్ధకాలపు డైరీ దగ్గర. 2013లో యునెస్కో జాబితాకెక్కిన నాన్‌జుంగ్ ఇల్గి అదే. చాలా రోజుల రాత వాతావరణంతోనే మొదలవుతుంది, మన తాతల పద్దుపుస్తకాల్లా. మ్యొంగ్‌న్యాంగ్‌లో గెలిచి నెల తిరక్కుండానే కొడుకు మ్యొన్‌ని జపాన్ సైనికులు చంపేశారని ఉత్తరం వచ్చింది. కవరు విప్పకముందే ఒళ్ళు వణికిందని రాసుకున్నాడు. ఆ కొడుకు సమాధి ఈ ఆవరణలోనే ఉంది. అక్కడ మా ఆవిడ నాకంటే ఎక్కువసేపు నిలబడింది.

1598లో నోర్యాంగ్ యుద్ధంలో చనిపోయిన యి సున్ షిన్ సమాధి మాత్రం ఇక్కడ లేదు. అదీ ఆసాన్‌లోనే, ఇంకొంచెం దూరంలో. మంగళవారం అలా తగలబడకపోతే అదీ చూసేవాళ్ళం. సాయంత్రం రైలు ఉండటంతో వదిలేశాం.