చీమల వేట: ఆర్మీ చీమల దండు మేలా, మామిడిచెట్టు ఎర్రచీమల పట్టు మేలా?

డాక్యుమెంటరీల్లో ఆర్మీ చీమల దండయాత్ర చూసినవాళ్లంతా అడిగేది ఒకటే: వేటలో వీటిని మించినవి ఉన్నాయా? తలలు లెక్కపెడితే లేవనే చెప్పాలి. కానీ వేట నిలిచేదీ చెడేదీ ఇంకోచోట: మొదటి చీమ కరిచాక, తోటివి వచ్చేలోపు ఎర జారిపోకుండా ఎలా ఆపుతుంది?

మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లోని ఎసిటాన్ బర్చెల్లీ అనే ఆర్మీ చీమకు ఆ చిక్కే లేదు. వేగుల్ని పంపే పని లేకుండా దండంతా ఒకేసారి నేల ఊడ్చుకుంటూ పోతుంది. చూపు దాదాపు సున్నా, వాసనే దారి. పెద్ద ఎరను జట్టుగా మోస్తాయి. విడివిడిగా మోయగలిగే బరువులన్నీ కలిపినా ఆ జట్టు మోసేదే ఎక్కువ. అయితే ఇంత దండుకు మేత ఒకచోట చాలదు. సుమారు 15 రోజులు తరచూ మకాం మార్చాలి, తర్వాత 20 రోజులు మకాం మార్చకుండా చుట్టుపక్కలే వేటాడాలి. పైగా దండుకు బెదిరి లేచిన పురుగుల్ని వెంట తిరిగే పిట్టలు తన్నుకుపోతాయి.

మామిడి, జీడిమామిడి చెట్ల మీద ఆకులు కలిపి గూడుకట్టే ఎర్రచీమకు కుట్టే ముల్లు కూడా లేదు. మిడత ఎదురైతే కాలో మీసమో కరిచి, వెనక్కి లాగిపట్టి అలాగే నిలబడుతుంది. పాదాల చివరి మెత్తటి దిండ్లు నున్నటి ఆకుకు అతుక్కుపోతాయి, కాబట్టి జారదు. ఈలోపు అది వదిలిన వాసనకు దగ్గర్లోనివి పరుగెత్తుకొచ్చి తలో కాలూ అందుకుని తలోవైపు లాగుతాయి. కాళ్లు నాలుగు దిక్కులా సాగిపోయాక మిడతకు దూకడానికి ఊతమే దొరకదు. తాడులాటలో మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుంది. వీటిది తలకిందులు: కృత్రిమ ఆకును లాగించి కొలిస్తే, జట్టు పెరిగేకొద్దీ ఒక్కో చీమ లాగే బలమూ పెరిగిందని 2025లో తేలింది. ముందువి లాగుతుంటే వెనకవి కాళ్లు చాపి, వచ్చిన లాగుడు వెనక్కి పోకుండా పట్టి ఉంచుతాయి. నా ఓటు వీటికే.

ఆఫ్రికా మటబెలె చీమలు చెదపురుగుల వేటలో ఘనులే. వేగు చీమ చోటు చూసొచ్చి వందల్లో తీసుకెళ్తుంది, పెద్దవి మట్టిపొర పగలగొడితే చిన్నవి లోపల దూరతాయి. కానీ చెదలు తప్ప ఇంకోటి ముట్టవు.

తోటలో పురుగుల్ని పట్టే ఈ ఎర్రచీమలతో తంటాలూ ఉన్నాయి. తీపి జిగురు కోసం, చెట్టు రసం పీల్చే పిండినల్లిని కాపలాకాసి పెంచుతాయి, కాయలు కోసేవాళ్లను కరుస్తాయి. ఒకే గుంపు ఉన్న చెట్ల మధ్య తాడు కడితే దారి దొరికి వేట విస్తరిస్తుంది. వేర్వేరు గుంపులున్న చెట్ల కొమ్మలు మాత్రం ఒకదానికొకటి తగలకుండా కొట్టెయ్యాలి. లేదంటే పురుగుల్ని వదిలేసి వాటిలో అవే కొట్టుకు చస్తాయి.