చందనం తోటకు మూడేళ్ల రాత్రి కాపలా: థర్మల్ మోనోక్యులర్‌తో నా అనుభవం

మేముండేది బెంగళూరు రామమూర్తి నగర్లో. తోట హోసకోట తాలూకాలో, నందగుడి దాటాక. రెండున్నర ఎకరాల్లో చందనం, దానికి తోడు కానుగ, కంది. 2001లో కర్ణాటక అటవీ చట్టాన్ని సవరించి, పట్టా భూమిలోని చందనం చెట్టు భూమి గలవాడిదే అన్నాక మాలాంటి చాలామంది ధైర్యం చేసి నాటారు. చెట్టు మనదైంది గానీ కాపలా కూడా మన నెత్తినే పడింది. 2022 వానాకాలంలో ఒక తెల్లవారి వెళ్లి చూస్తే పదకొండు చెట్లకు మొదట్లో గాట్లు. చేవ ఎంత పట్టిందో చూసుకుని పోయారు. పదేళ్లు బిడ్డల్లా సాకిన చెట్లు. ఆ గాట్లు చూసిన రోజు అన్నం సయించలేదు. చూసుకుని పోయినవాళ్లు మళ్లీ వస్తారని తెలుసు. ఆ దసరాకే ఈ థర్మల్ మోనోక్యులర్ కొన్నాను, అంటే ఒంటి వేడిని బట్టి చీకట్లో చూపించే, ఒంటి కన్నుతో చూసే దుర్బిణి.

అంతకుముందు నా దగ్గర డిజిటల్ నైట్ విజన్ ఒకటి ఉండేది. దానికి వెలుతురు కావాలి. మన కంటికి దాదాపు కనపడని ఇన్‌ఫ్రారెడ్ దీపం ఒకటి దానిలోనే వెలిగి, ఆ వెలుతురు పడినంత మేరే చూపిస్తుంది. నాది 850 నానోమీటర్ల దీపం (అది ఆ వెలుతురు తరంగం పొడవు). ఒక రాత్రి మా తోట పెద్దాయనను కంచె దగ్గర నిలబెట్టి షెడ్డు మీద నుంచి చూస్తుంటే, "నాయనా, ఎర్రగా నిప్పు చుక్క కనపడతా ఉంది నీ చేతిలో" అని అక్కడినుంచే అరిచాడు. మనం చూస్తున్నామని వచ్చినవాడికి చెప్పేసినట్టే కదా! 940 దీపమైతే ఆ చుక్క కనపడదు, కానీ చూపు దూరం బాగా తగ్గిపోతుంది. పైగా ముందర కంది కొమ్మ ఒకటి అడ్డం వచ్చినా వెలుతురంతా దాని మీదే పడి, వెనకాల అంతా చీకటే.

థర్మల్ పద్ధతి వేరు. అది వెలుతురు వేయదు, ఒంటి వేడిని పట్టుకుంటుంది. నాది 256×192 సెన్సర్ (అంటే బొమ్మలో అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు, ఒక్కో చుక్క ఒక పిక్సెల్), 12 మైక్రాన్ల పిక్సెల్, 10 మిల్లీమీటర్ల లెన్సు. లక్షకు కొంచెం లోపే పడింది. డబ్బా మీద మనిషిని 470 మీటర్ల నుంచి కనిపెడుతుందని రాసి ఉంది. అది అబద్ధం కాదు, కానీ దాని అర్థం నాకు తర్వాతే తెలిసింది. ఈ లెన్సుతో 100 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ 12 సెంటీమీటర్ల మేర చూస్తుంది. అంటే మనిషి నిలువునా 14 పిక్సెళ్లు వస్తాడు, కాళ్లూ చేతులూ తెలుస్తాయి. 470 మీటర్ల దగ్గర అదే మనిషి మూడే మూడు పిక్సెళ్లు. తెల్లటి మెతుకు ఒకటి కదిలినట్టు ఉంటుంది, అంతే. కుక్కో మనిషో చెప్పలేం. నా లెక్కలో ఇది 200 మీటర్ల లోపు పరికరం. మా తోటకు అది చాలు. పదెకరాల వాళ్లకు చాలదు, వాళ్లు ఇంకా పెద్ద లెన్సు చూసుకోవాలి. అయితే లెన్సు పెరిగేకొద్దీ చూపు ఇరుకైపోతుంది, గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందని మరిచిపోవద్దు.

మొదటి నెలలో ఒక రాత్రి రెండింటికి పక్క పొలం గట్టు మీద ఒక మనిషి నడుస్తూ కనపడ్డాడు. గుండె దడదడలాడింది. ఫోను తీసి నంబరు నొక్కబోతుంటే పెద్దాయన పరికరం అందుకుని చూసి, "ఆగు నాయనా, పక్క తోటాయన ఆ మనిషి. నడక చూడు. ఈ వారం త్రీఫేజ్ కరెంటు రేయి పూట ఇస్తా ఉండారు గదా, మోటారు వేసేదానికి పోతా ఉండాడు" అన్నాడు. మొహం కనపడకపోయినా ఆయనకు నడక తెలిసింది. ఆ రాత్రి నుంచి షెడ్డు గోడ మీద కరెంటు వేళలు రాసి పెడుతున్నాం. పల్లెలో రాత్రి తిరిగే ప్రతివాడూ దొంగ కాదు. బోరు దగ్గరికి పోయేవాళ్లు ఉంటారు, పొలంలో గొర్రెల మంద పెట్టినవాళ్లు ఉంటారు. ఈ పరికరం మనిషి ఉన్నాడని చెబుతుంది, ఎవరో చెప్పదు. ఇది అర్థం కాకముందే కర్ర పట్టుకుని పరిగెత్తితే ఎవరికో ఒకరికి ప్రమాదం.

పనికొచ్చిన రాత్రి గురించి చెప్పాలి. 2024 సంక్రాంతికి ముందు అమావాస్య. చలి, మబ్బు లేని ఆకాశం. థర్మల్‌కు ఇంతకంటే మంచి రాత్రి ఉండదు, చెట్టూ నేలా చల్లబడి నల్లగా ఉంటాయి, ఒంట్లో వేడి ఉన్నదేదైనా తెల్లగా వెలుగుతుంది. ఉత్తరం వైపు నీలగిరి తోపులో, సుమారు 180 మీటర్ల దూరంలో, నేలకు మూరెడు ఎత్తున తెల్లటి ముద్ద ఒకటి. కదలదు. పడుకున్న ఆవు అనుకున్నాను. కానీ ముద్ద కింద నుంచి వెనక్కి సన్నటి తెల్ల గీత ఒకటి సాగి ఉంది. అది సైలెన్సరు! లైటు ఆర్పి నిలిపిన బైకు, ఇంజను ఇంకా వేడిగా ఉంది. బైకు ఉందంటే మనుషులెక్కడ? మెల్లగా ఇటు తిప్పితే మా కంచె లోపల ముగ్గురు, ఒకరు వంగి ఉన్నారు. 112కు ఫోను చేశాం, తర్వాత పక్క తోటాయనకు. ఆయన ట్రాక్టరు లైట్లు వేసి హారను మోగించాడు. మేం షెడ్డు దిగలేదు. ముగ్గురూ పరుగు. తెల్లారి చూస్తే రంపం అక్కడే ఉంది, చెట్టు మూడో వంతు కోసి ఉంది. కోత మీద ముక్కు పెడితే చందనం వాసన. నాకు ఏడుపొచ్చింది. పోలీసులు వచ్చి రంపం తీసుకెళ్లారు.

బైకు నంబరు మాత్రం దొరకలేదు. దారి పక్కన కట్టిన ట్రైల్ కెమెరాలో (ఏదైనా కదిలితే దానంతటదే ఫోటో తీసేది) బైకు పడింది గానీ, నంబరు పలక ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును తిప్పి కొట్టి మొత్తం తెల్లగా అయిపోయింది. ఇప్పుడు ఆ కెమెరాను దారికి ఎదురుగా కాకుండా పక్కవాటుగా, వాలుగా కట్టాం. వేడి కదలికను పట్టే సెన్సరు ఎదురుగా వచ్చేవాడికంటే అడ్డంగా దాటేవాడిని బాగా పడుతుంది.

ఇక లోపాలు. వానలో, వాన వెలిసిన గంటసేపు అంతా ఒకే బూడిద రంగు. ఏప్రిల్ నెలలో బండలు పగలంతా కాగి, రాత్రి పదింటి దాకా మనుషుల్లా వెలుగుతూనే ఉంటాయి. మేం వాటి జాగాలు కంఠతా పెట్టుకున్నాం. కారులో కూర్చుని అద్దంలోంచి చూద్దామంటే కుదరదు, ఆ వేడి గాజును దాటి రాదు, అద్దంలో నీ మొహమే మసకగా కనపడుతుంది. కొన్ని నిమిషాలకోసారి లోపలి షట్టరు టిక్కుమని బొమ్మ అర క్షణం ఆగుతుంది, నిశ్శబ్దంలో ఆ చప్పుడు పెద్దదే. రెండో వేసవికి కంటి దగ్గరి రబ్బరు పగిలింది. అది చిన్న విషయం కాదు, ఆ సందులోంచి తెర వెలుతురు చెంప మీద పడి దూరానికి మనల్ని పట్టిస్తుంది. ఇప్పుడు తువ్వాలు కప్పుకుని చూస్తున్నాం. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది బ్యాటరీ. లోపలే బిగించినది, మార్చే వీలు లేదు. మొదట్లో ఐదు గంటలు వచ్చేది, ఇప్పుడు మూడున్నరకే చచ్చిపోతోంది, అదీ తెల్లవారుజామున, వాళ్లు వచ్చే వేళకు. ఈసారి కొంటే తీసి మార్చుకునే 18650 సెల్లుతో నడిచేదే కొంటాను.

మీరు కొనేటప్పుడు దుకాణం లోపల చూసి తీసుకోకండి. చల్లటి ఏసీ గదిలో ఏ పరికరమైనా మనిషిని అద్దంలో చూపినట్టు చూపిస్తుంది. చీకటి పడ్డాక బయటికి తెచ్చి, రోడ్డుకు అవతలి చెట్ల కింద ఒక మనిషిని నిలబెట్టి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో దుకాణానికి వెళ్లండి.